ఉచిత బసలో నేనన్న మాట

ఒక మాట ఇరవయ్యేళ్ళకు పైగా నా గొంతులో ఉండిపోయింది. మింగుడు పడలేదు, బయటికీ రాలేదు. పోలీసులు వచ్చేంత నేరం కాదు. ఎవరి ఆస్తీ పోలేదు. ఒక అమెరికన్ పెద్దావిడతో, పక్కవాళ్ళకు వినపడనంత మెల్లగా రెండు మూడు వాక్యాలు అన్నాను. అంతే. కానీ ఆ వాక్యాలతో నా భార్య దగ్గర్నుంచి ఏం లాక్కున్నానో నాకు తెలుసు. ఆమెకు ఇన్నేళ్ళూ తెలియలేదు. తెలియకుండా నేనే చూసుకున్నాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. నా పేరు చెప్పను. నా భార్యను సుజాత అంటాను, అది అసలు పేరు కాదు. మేముండేది చికాగో దగ్గర నేపర్‌విల్‌లో.

ఇక్కడుండేవాళ్ళ ఇళ్ళకు పోస్టులో కొన్ని కార్డులు వస్తుంటాయి. మెరిసే కాగితం, దానిమీద సరస్సు, చెక్క క్యాబిన్, మంట చుట్టూ కూర్చుని నవ్వుతున్న కుటుంబం. మెంబర్‌షిప్ క్యాంప్‌గ్రౌండ్ వాళ్ళు పంపేవి. డబ్బు కట్టి సభ్యులుగా చేరితే ఏడాదిలో ఎప్పుడైనా వెళ్ళి ఆ క్యాబిన్లలో ఉండొచ్చు. చేర్చుకోవడానికి ముందు ఎర వేస్తారు. రెండు రాత్రులు ఉచితంగా ఉండండి, ఒక పూట కూర్చుని మేం చెప్పేది వినండి, చేరమని బలవంతం లేదు అంటారు. షరతు ఒక్కటే. పెళ్ళయినవాళ్ళయితే మొగుడూ పెళ్ళాం ఇద్దరూ వచ్చి కూర్చోవాలి. ఒక్కరే వస్తే ‘ఇంటికెళ్ళి మా ఆవిడనడిగి చెప్తా’ అని జారుకుంటారని వాళ్ళకు తెలుసు.

మా స్నేహితుల్లో దీనిమీద రెండు పార్టీలుండేవి. ఫ్రీగా వస్తుంటే పోనివ్వడమెందుకు, వెళ్ళు, విను, నో చెప్పు, వచ్చేయ్ అనేవాళ్ళు కొందరు. వాళ్ళ ఎదురుగా కూర్చుని నో చెప్పడం అనుకున్నంత తేలిక కాదు బాబూ అనేవాళ్ళు కొందరు. నేను మొదటి పార్టీ. కార్డు రాగానే లెక్కలు వేసేవాణ్ణి. డ్రైవ్ ఎంత? క్యాబిన్‌లో వంటగది ఉందా? ఎంతసేపు కూర్చోబెడతారు? మొదటి మనిషికి నో చెప్తే మేనేజర్‌ని పంపిస్తారా, మేనేజర్‌కి నో చెప్తే తలుపు దగ్గర ఇంకొకరు ధర తగ్గించి కాచుకుని ఉంటారా? అన్నీ తూచేవాణ్ణి. నో చెప్పడం ఒక విద్య అనీ, అది నాకు బాగా వచ్చనీ గర్వం కూడా ఉండేది. ఆ బల్ల దగ్గర మేమిద్దరం కూర్చుంటాం కదా, రెండో మనిషికి ఏమనిపిస్తుంది అన్నది మాత్రం ఎప్పుడూ తూచలేదు.

నేను ఆ మాట అన్న ఏడు మార్చిలో మాకు బిడ్డ పోయాడు. నాలుగో నెల దాటాక, పుట్టకముందే. బాబు అని డాక్టర్ అప్పుడే చెప్పింది. అది మా మొదటి కాన్పు. చలికోట్లలో కడుపు కనపడే వయసు కూడా కాదు వాడిది, ఇక్కడ స్నేహితులకెవరికీ చెప్పనేలేదు. ఇండియాలో రెండువైపులా అమ్మానాన్నలకు తెలుసు, ఇంక ఆ ఊసెత్తొద్దని ఫోన్‌లో చెప్పేశాను. సుజాత కూడా ఎవరికీ చెప్పొద్దంది. “మన ఇద్దరి మధ్యే ఉండనీండి,” అంది. నేను మాటిచ్చాను.

తర్వాత నెలల తరబడి ఆమె సరిగా మాట్లాడలేదు. అడిగితే జవాబు చెప్పేది. అన్నం వండేది. బట్టలు మడతపెట్టేది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఒక్కోరోజు సోఫాలో, పొద్దున నేను వెళ్ళేటప్పుడు ఎలా కూర్చుందో అలాగే కూర్చుని ఉండేది. నాకేం చెయ్యాలో తెలిసేది కాదు. పక్కన కూర్చునేవాణ్ణి, టీవీ పెట్టేవాణ్ణి.

సెప్టెంబర్‌లో విస్కాన్సిన్ నుంచి కార్డు వచ్చింది. సుజాతే దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. “నీళ్ళు బాగున్నాయి కదండీ,” అంది. తనంతట తనుగా ఒక మాట అని ఎన్నాళ్ళయిందో. ఆ సాయంత్రమే ఫోన్ చేసి బుక్ చేశాను.

ఇక్కడ మరో సంగతి చెప్పాలి. బయల్దేరడానికి ముందురోజు మా మేనేజర్ నన్ను గదిలోకి పిలిచి, డిసెంబర్‌తో ప్రాజెక్ట్ అయిపోవచ్చు, తర్వాత సంగతి చెప్పలేనన్నాడు. అప్పుడు నాది హెచ్‌వన్ వీసా. ఉద్యోగం పోతే దేశంలో ఉండే హక్కే పోతుంది. చుట్టుపక్కల అందరి ఉద్యోగాలూ ఊడుతున్న రోజులవి. ఆ సంగతి సుజాతకు చెప్పలేదు. ఆమె పరిస్థితి చూసి చెప్పలేదని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. నిజమేనా? ఆమె ముందు చిన్నబోవడం ఇష్టంలేక కాదూ? ఇప్పటికీ తేల్చుకోలేను.

క్యాబిన్ సరస్సుకి ఎదురుగా ఉంది. మొదటి రోజు పొద్దున సుజాత నాకంటే ముందు లేచింది. నేను బయటికొచ్చేసరికి మెట్లమీద శాలువా కప్పుకుని, టీ కప్పు రెండు చేతుల్లో పట్టుకుని కూర్చుని ఉంది. నీళ్ళమీద పొగమంచు. రెండు పెద్ద కొంగలు ఒడ్డున నడుస్తుంటే, “ఆ వెనకది చూడండి, అచ్చం మీలాగే మెడ ముందుకు చాపి నడుస్తోంది,” అని నవ్వింది. నవ్వింది! నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ పొద్దున్నే అన్నీ చెప్పేయాల్సింది. ఉద్యోగం సంగతి, నా భయం సంగతి, అన్నీ.

ప్రెజెంటేషన్ ఇచ్చినావిడ పేరు కేరల్. తెల్లజుట్టు, బొద్దుగా, మన ఇళ్ళలో పెద్దత్తల్లా ఉంటుంది. గోల్ఫ్ కార్ట్‌లో అంతా తిప్పి చూపించి, హాల్లో కిటికీ పక్కన బల్ల దగ్గర కూర్చోబెట్టింది. ఇలాంటిచోట మామూలుగా నన్నే అడుగుతారు. కేరల్ సుజాత వైపు తిరిగి అడిగింది. ఇది మీ సొంతచోటైతే పొద్దున్నే లేచి మొదట ఏం చేస్తారు అని.

సుజాతకు ఇంగ్లిష్ వచ్చు, కానీ కొత్తవాళ్ళ దగ్గర బెదురు. ఆ రోజు బెదరలేదు. టీ పెట్టుకుంటానంది. మెట్లమీద కూర్చుంటానంది. చలికాలంలో కూడా వస్తానంది, నీళ్ళు గడ్డకడితే చూడాలనుందంది. చేతులు తిప్పుతూ చెప్తోంది. నెలకొకసారైనా వస్తామంది. చివర్న, “యెస్, వియ్ వాంట్ దిస్,” అంది. నన్ను చూసి కాదు, కేరల్‌ని చూసి.

డిసెంబర్ తర్వాత ఈ దేశంలో ఉంటామో లేదో తెలియనివాణ్ణి, ఏళ్ళ తరబడి కట్టే కాంట్రాక్ట్‌లో చేరడమేంటి? కుదరదని చెప్పాలంటే కారణం చెప్పాలి. కారణం చెప్పాలంటే సుజాత ముందు ఉద్యోగం సంగతి బయటపడుతుంది. నేను నేర్చుకున్న నో ఒక్కటీ నోటికి రాలేదు. ఎందుకంటే ఈసారి నో చెప్పాల్సింది కేరల్‌కి కాదు.

సుజాత రెస్ట్‌రూమ్‌కి వెళ్ళింది. నేను ముందుకు వంగాను. మాకు ఈమధ్యే బిడ్డ పోయాడన్నాను. అప్పట్నుంచి ఆమె మనసు మనసులో లేదన్నాను. ఇప్పుడు ఏది చూపించినా కావాలంటుంది, దయచేసి ఆమె మాట పట్టించుకోవద్దన్నాను.

మాటిచ్చినవాణ్ణి. ఎవరికీ చెప్పనన్నవాణ్ణి. ఒక బల్ల దగ్గర్నుంచి లేచి రావడానికి నా కొడుకుని వాడుకున్నాను. ఆ రోజు ఆ హాల్లో అందరికంటే తెలివిగా, అందరికంటే బతికి ఉన్న మనిషి సుజాత. ఆమెను మతి తప్పినదాన్ని చేశాను.

కేరల్ నోటిమీద చెయ్యి పెట్టుకుంది. ఫైల్ మూసేసింది. మేనేజర్ రాలేదు, తలుపు దగ్గర ఎవరూ కాచుకుని లేరు. ఎంత తేలిగ్గా అయిపోయింది! సిగ్గుపడుతూ చెప్తున్నాను, ఒక్క క్షణం నా తెలివికి నేనే మురిసిపోయాను.

సుజాత తిరిగొచ్చి కుర్చీలో కూర్చుని, ఎక్కడ ఆపామో అక్కణ్ణుంచి మొదలుపెట్టబోయింది. కేరల్ ఆమె చెయ్యి పట్టుకుని, చిన్నపిల్లతో మాట్లాడినట్టు మెల్లగా, ఈరోజుకి చాలమ్మా, విశ్రాంతి తీసుకో అంది. సుజాతకు అర్థం కాలేదు. ఏం తప్పు మాట్లాడానా అన్నట్టు నావైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను. బయట మెట్ల దగ్గర కేరల్ ఆమెను దగ్గరికి తీసుకుని, “ఐయామ్ సో సారీ అబౌట్ యువర్ బేబీ, హనీ,” అంది. పాపం, మంచితనంతోనే అంది.

ఇంటికి వస్తూ, విస్కాన్సిన్ దాటకముందే సుజాత నావైపు తిరిగింది. మెల్లగా అడిగింది.

“మీరు చెప్పారా?”

“లేదు.”

“మరి ఆవిడకెలా తెలిసింది?”

“ఏమో. పెద్దావిడ కదా. మనిషిని చూస్తే తెలిసిపోతుందేమో.”

“నా మొహంలో అంతగా కనిపిస్తోందా?”

నేను జవాబు చెప్పలేదు. సుజాత ఎదురుగా ఉన్న సన్ వైజర్ కిందికి లాగి, అందులోని చిన్న అద్దంలో తన మొహం చూసుకుంది. అలా చూస్తూనే ఉంది. ఇల్లినాయ్‌లోకి వచ్చేవరకూ ఆ వైజర్ పైకి పెట్టలేదు.

నేను చెప్పని ఆ జవాబే ఆమె జీవితమైపోయింది. దారినపోయేవాళ్ళకు కూడా తన కడుపుకోత మొహంలో కనపడిపోతోందని నమ్మింది. కాటుక, పౌడర్, నవ్వు. ఇండియన్ స్టోర్‌కి వెళ్ళినా సరే, కారు దిగేముందు అద్దం. ఎవరైనా ఎదురైతే వాళ్ళకంటే ముందే నవ్వేది. సీమంతాలకు వెళ్ళడం మానేసింది, తన మొహం అక్కడ అశుభమని. ఎవరూ ఆ మాట అనలేదు. ఎవరికీ ఏమీ కనపడలేదు కూడా! మూడేళ్ళకు మేఘన పుట్టింది. చుట్టాలూ స్నేహితులూ వచ్చినప్పుడల్లా సుజాత చక్కగా నవ్వుతూ కూర్చునేది. వాళ్ళు వెళ్ళాక తలుపేసి, “ఏం కనపడలేదుగా?” అని నన్నడిగేది. లేదనేవాణ్ణి. ఎన్నిసార్లు అడిగిందో, అన్నిసార్లూ నిజం చెప్పే అవకాశం నాకు వచ్చినట్టే కదా?

ఇంకొకటి. ఆ రోజు తర్వాత ఆమె ఏదీ కావాలనలేదు. సెలవులకు ఎక్కడికి వెళ్దామన్నా, ఇంటికి ఏ రంగు వేయిద్దామన్నా, మీ ఇష్టం అనేది. స్నేహితులు ఎంత సర్దుకుపోయే మనిషో అని మెచ్చుకునేవాళ్ళు. నేను తల ఊపేవాణ్ణి.

నా ఉద్యోగమంటారా? పోలేదు. జనవరిలో ప్రాజెక్ట్ పొడిగించారు. గ్రీన్‌కార్డ్ కూడా వచ్చింది. ఏ భయంతో ఆ మాట అన్నానో ఆ భయం ఉత్తదైపోయింది. మాట మిగిలింది. ఆ కార్డులు మాత్రం వస్తూనే ఉన్నాయి. ఇంట్లోకి తేకుండా మెయిల్‌బాక్స్ దగ్గరే చించి పారేసేవాణ్ణి.

మొన్న వసంతంలో నేను జ్వరంతో పడుకున్నాను. మేఘన కాలేజీ హాస్టల్లో ఉంది. మెయిల్ సుజాత తెచ్చింది. కార్డు నా మంచం దగ్గరికే పట్టుకొచ్చింది. మిషిగన్ సరస్సు పక్కన వేరే క్యాంప్‌గ్రౌండ్. రెండు రాత్రులు ఉచితం. భార్యాభర్తలు ఇద్దరూ రావాలి.

“వెళ్దామండీ,” అంది. “ఈసారి మీరే మాట్లాడండి. నేను నోరెత్తను. పోయినసారి నావల్లే కదా మీకు ఇబ్బందైంది.”

వంకలు వెతికాను. దూరమన్నాను, పట్టుకుంటే వదలరన్నాను, పోనీ మనమే డబ్బులు పెట్టి మంచి హోటల్‌కి వెళ్దామన్నాను. అన్నీ విని, “మీ ఇష్టం,” అంది. ఆ రెండు మాటలూ ఈసారి తట్టుకోలేకపోయాను. బుక్ చేశాను.

అక్కడ ప్రెజెంటేషన్ పొద్దున పదింటికి. తయారై క్యాబిన్ గుమ్మంలో నిలబడ్డాను. సుజాత లోపల అద్దం ముందు ఉంది. ఎంతకీ రాదే. చివరికి బయటికొచ్చి, జుట్టు సవరించుకుంటూ నా ఎదుట నిలబడింది. చెంపలు నెరిశాయి. చక్కగా నవ్వింది.

“బాగానే ఉన్నానా? ఏం కనపడట్లేదుగా?”

చెప్పేశాను. అక్కడే గుమ్మంలో నిలబడి. ఆ రోజు కేరల్ నీ మొహం చూసి కనిపెట్టలేదు, నేనే చెప్పానన్నాను. నీ మొహంలో ఆ రోజూ ఏమీ లేదు, ఏ రోజూ ఏమీ లేదన్నాను. ఉద్యోగం సంగతీ చెప్పాను.

సుజాత మెట్లమీద కూర్చుంది. నేను నిలబడే ఉన్నాను.

“ఏమన్నారు ఆవిడతో? ఆ మాటలే చెప్పండి.”

“ఇప్పుడెందుకు సుజాతా...”

“చెప్పండి.”

ఇంగ్లిష్‌లో అన్నదాన్ని ఇంగ్లిష్‌లోనే చెప్పాను. “షి ఈజ్ నాట్ ఇన్ హర్ రైట్ మైండ్. ప్లీజ్ డోంట్ టేక్ హర్ వర్డ్ సీరియస్‌లీ.” బిడ్డ గురించి అన్నదీ చెప్పాను.

ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. సుజాత తన చెంపను అరచేత్తో మెల్లగా తడిమి చూసుకుంది, అక్కడేముందో మొదటిసారి తెలుసుకుంటున్నట్టు. ఆ తర్వాత లేచింది. “టైమ్ అవుతోంది, పదండి,” అంది.

అక్కడి సేల్స్‌మన్ పేరు డగ్. టోపీ పెట్టుకున్న నడివయసు మనిషి. అలవాటుగా నావైపు తిరిగి మొదలుపెట్టాడు. సుజాత మధ్యలో ఆపి ప్రశ్నలడిగింది. వేసవిలో అందరూ ఒకేసారి వస్తే క్యాబిన్ దొరుకుతుందన్న గ్యారంటీ ఉందా? మధ్యలో మానేయాలంటే ఎలా? మేం పోయాక ఈ కాంట్రాక్ట్ మా అమ్మాయి నెత్తిన పడుతుందా? డగ్ కొన్నింటికి జవాబు చెప్పాడు, కొన్నింటికి నవ్వాడు. సుజాత నవ్వలేదు. ఎవరైనా ఎదురైతే ముందే నవ్వే మనిషి, అంతసేపూ ఒక్కసారి కూడా నవ్వలేదు. అంతా విని, ఆలోచించి, చోటు బాగుంది కానీ మాకొద్దు అంది. డగ్ నావైపు తిరిగి, మీరేమంటారు సర్ అన్నాడు. “ఆవిడ చెప్పింది కదా,” అన్నాను. మేనేజర్ వచ్చాడు. సుజాత ఆయనకీ అదే చెప్పింది.

తిరుగుదారిలో కారు తనే నడిపింది.

అది జరిగి కొన్ని వారాలైంది. టీ ఇస్తుంది. కూరలోకి ఏం తేవాలో చెప్తుంది. ఆ సంగతి మాత్రం ఎత్తదు. నేను క్షమించమని అడగలేదు. అడగాలని లేక కాదు. అడిగితే అలవాటుకొద్దీ ‘మీ ఇష్టం’ అంటుందేమోనని భయం. అలాంటి క్షమ నాకొద్దు. అది కూడా లాక్కున్నట్టే అవుతుంది.

నిన్న ఆదివారం. నేను బేస్‌మెంట్ నుంచి పైకి వస్తుంటే వంటింట్లో సుజాత గొంతు వినపడింది. ఫోన్ స్పీకర్‌లో మేఘన.

“నీకంటే ముందు ఒక అన్న ఉండేవాడమ్మా నీకు,” అంటోంది సుజాత.

“వాట్? అమ్మా, నువ్వు ఎప్పుడూ చెప్పలేదు నాకు!”

“ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పాలనిపించింది.”

తర్వాత చాలాసేపు చెప్పింది. ఆ మార్చి గురించి, ఆసుపత్రి గురించి, వాడికి తను మనసులో పెట్టుకున్న పేరు గురించి. ఆ పేరు నాకు తెలియదు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు. మాట్లాడుతూ సుజాత గట్టిగా, దాచుకోకుండా ఏడ్చింది. అటువైపు మేఘన కూడా ఏడుస్తూ, వచ్చీరాని తెలుగులో, “అమ్మా, నేను వస్తాను ఇంటికి, ఈ వీకెండ్,” అంటోంది.

నేను మెట్లమీదే ఆగిపోయాను. పైకి వెళ్ళలేదు. ఆ మాటలు నాకు చెప్తున్నవి కావు. అలా నిలబడి ఉండగానే, ఇది ఎవరికైనా రాయాలనిపించింది. సుజాత కథగా కాదు, నేను చేసిన పనిగా. రాశాను. ఇప్పుడు మీకు కూడా తెలుసు.